బావ అడగమన్న ప్రశ్న

ఆ శనివారం సాయంత్రం నేను చేసిన తప్పు చేస్తున్నప్పుడు చిన్నదిగానే కనిపించింది. బావ అడగమన్న ప్రశ్నలన్నీ టైపు చేసి, ఒక్కదాన్ని వదిలేశాను. మరిచిపోయి కాదు. దాని దగ్గరికి వచ్చాక చేతులు ఆగాయి. కాసేపు ఆలోచించి, వద్దులే అనుకొని, పంపేశాను. తర్వాత బ్రౌజింగ్ సెంటర్ బయట ఉన్న కాయిన్ ఫోన్ నుంచి బావకు ఫోన్ చేసి, అన్నీ రాశానని చెప్పాను.

"అదీ రాసినావు కదా?" అన్నాడాయన.

"రాసినా బావా."

అంతటితో ఫోన్ పెట్టేశాను. అప్పటికి అది రాయకుండా వదిలేసిన ప్రశ్న మాత్రమే. మళ్లీ లోపలికి వెళ్లి ఒక్క వాక్యం చేర్చితే సరిపోయేది. "రాసినా" అన్నాక మాత్రం అది అబద్ధమైపోయింది, దాన్ని మోసుకొని వారాల తరబడి తిరిగాను.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ల పెద్దలు హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు నగర్తపేటలో స్థిరపడ్డారు. బట్టల కొట్లకు చీరల పెట్టెలు చేసిచ్చే కార్ఖానా వాళ్లది. కింద కటింగ్ మిషను, అట్టల దొంతులు, మైదా బంక వాసన. మిద్దె మీద సంసారం. నేను ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో వాళ్ల మిద్దె మీదే ఉన్నాను. తర్వాత ఎలక్ట్రానిక్ సిటీలో పని దొరికి, అటువైపే గది తీసుకున్నాక, ఆదివారం ఆదివారం మార్కెట్ బస్సెక్కి వాళ్లింటికి వచ్చేవాణ్ని.

అక్కను చూడటానికి వస్తున్నానని మా వాళ్లు అనుకునేవారు. నిజానికి వచ్చేది ఓడల ఆట కోసం.

లెక్కలకని బావ ఒక పాత కంప్యూటరు కొన్నాడు. లెక్కలు అందులోకి ఎక్కలేదు గానీ, మెజెస్టిక్ బస్టాండు దగ్గర నేను కొన్న ఒక ఆట సీడీ ఎక్కింది. దీవులు, రేవులు, వాటి మధ్య సముద్రం. ఇద్దరికీ చెరొక నౌకాదళం. యుద్ధనౌకలు కట్టుకోవాలి, వాటికి బొగ్గూ తిండీ చేరవేసే సరుకు ఓడలు నడుపుకోవాలి, ఎదుటివాడి రేవులను దిగ్బంధించాలి. చేతివేగంతో గెలిచే ఆట కాదు. ఒకరి తర్వాత ఒకరు ఓడలకు ఆజ్ఞలు ఇస్తాం. ఇద్దరి ఆజ్ఞలూ అయ్యాక సముద్రంలో ఏం జరిగిందో తెర చూపిస్తుంది.

కంప్యూటరు ఒక్కటే కాబట్టి, ఒకరు ఆజ్ఞలిచ్చేటప్పుడు రెండోవారు చూడకూడదు. అందుకని మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బావ వంతు వచ్చినప్పుడు నేను స్టూలు మీదే గోడవైపు తిరిగేవాణ్ని. నా వంతులో ఆయన తిరిగేవాడు. పని ముగించినవాడు "ఆయె, తిరుగు" అనాలి. అంతవరకూ కదలకూడదు. ఇన్నేళ్ల ఆటలో ఎవరమూ తొంగి చూడలేదు. చూడాలనిపించలేదని కాదు. ఒకసారి నా ముఖ్యమైన రేవు చుట్టూ ఆయన ఓడలు మూగి ఉన్నప్పుడు, పక్కనున్న స్టీలు చెంబులో తెర నీడ పడుతుందేమోనని కన్ను అటు పోయింది. వెంటనే కళ్లు మూసుకున్నాను.

అక్క కాఫీ తెచ్చినప్పుడల్లా మమ్మల్ని చూసి నవ్వేది. ఎక్కాలు రాని పిల్లోళ్ల మాదిరి గోడకు మొగం పెట్టుకోని కూర్చుంటారు, మీకేం గ్రాచారమో అనేది.

ఆ గోడ గురించి ఒక మాట చెప్పాలి. అది మొదట్నుంచీ ఉన్న గోడ కాదు. బావా ఆయన తమ్ముడూ కార్ఖానా పంచుకున్నప్పుడు మధ్యలో కట్టిన గోడ. అవతల తమ్ముడి మిషను ఆడితే ఇవతల మాకు వినిపించేది. అన్నదమ్ములు కొట్లాడుకోలేదు. మాటలు తగ్గి తగ్గి ఆగిపోయాయంతే. పగలంతా పెట్టెల కోసం వచ్చే మనుషులతో ఎంత గట్టిగా మాట్లాడినా, ఊరికే కూర్చొని మాట్లాడటానికి బావకు ఆదివారం నేను తప్ప ఎవరూ లేరు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే రాస్తున్నాను.

ఆట రెండో భాగం వస్తోందన్న కబురు నేనే తెచ్చాను. దాన్ని తయారుచేసేవాళ్లు ఎక్కడో దూరదేశంలో ఉన్న చిన్న కంపెనీ. ఇంటర్నెట్‌లో, ఆడేవాళ్లు రాసుకునేందుకు వాళ్లకొక ఫోరం ఉండేది. నేను మా ఆఫీసులో మధ్యాహ్నం తిండి వేళ చూసేవాణ్ని. ఆ కబురు విన్న ఆదివారం బావ ఓడలను రేవులోనే వదిలేసి, రెండో భాగంలో ఏమేం ఉంటుందని అడుగుతూనే ఉన్నాడు. నాకు తెలిసింది కొంచెమే. మిగతాది ఇద్దరం ఊహించుకున్నాం.

నేను కోరుకున్నవి వేరు: జలాంతర్గాములు, తుఫానులు, ఇంకా పెద్ద సముద్రం. ఆయన ప్రశ్నలు ఇంకోరకం. సరుకు ఓడలు గుంపుగా పోతుంటే వాటికి కాపలా ఓడ తనంతట తానే తోడు పోతుందా? ఇప్పుడు సగంలో ఉన్న మన యుద్ధాన్ని రెండో భాగంలో కొనసాగించుకోవచ్చా, మళ్లీ మొదట్నుంచా? ఓడలకు తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చా? ఈ పాత కంప్యూటరు దాన్ని మోస్తుందా? వాటన్నిటి తర్వాత ఇంకొకటి అడిగాడు.

"మునిగిపోయిన ఓడలో మనుషులు ఏమైతారప్పా? దాంట్లోనన్నా వాళ్లను ఎత్తుకొచ్చేదానికి ఇంకో ఓడను పంపొచ్చునా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తన ఓడ మునిగిన ప్రతిసారీ ఆయన అది ఆలోచిస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

కొన్ని వారాలకు ఫోరంలో కంపెనీవాళ్లు ఒక ప్రకటన పెట్టారు. ఆడేవాళ్లు తమ ప్రశ్నలు రాయండి, కొంతకాలం తెరిచి ఉంచుతాం, మూసేశాక అన్నిటికీ కలిపి జవాబిస్తాం అని. కింద ఇంకో మాట కూడా ఉంది. రెండో భాగం ముఖ్యంగా నెట్‌వర్క్ మీద, ఎవరి కంప్యూటరులో వాళ్లు ఆడేదిగా తయారవుతోంది. ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చొని వంతులవారీగా ఆడే పాత పద్ధతి ఉంచాలా వద్దా అన్నది అడిగేవాళ్లను బట్టి నిర్ణయిస్తాం.

ఇది బావకు చెప్పినప్పుడు ఆయన చేతిలో ఒక పెట్టె మూత ఉంది. దాని అంచు వేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"అంటే నువ్వు నీ రూములో, నేను ఈడ. అంతేనా?"

"ఇంటర్నెట్ పెట్టించుకుంటే ఆడొచ్చు బావా. బస్సు పని కూడా ఉండదు."

"గెలిస్తే ఎవుర్ని చూసి నగాల? ఓడితే ఎవుర్ని తిట్టాల?" అని, "మొదుట ఇది అడుగు. ఇద్దురూ ఒకచోట కూర్చొని ఆడేది ఉండాలని రాయి. మిగిలినవి ఇచ్చినా ఇవ్వకపోయినా పరవాలేదు" అన్నాడు.

రాస్తానన్నాను.

శనివారం బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు, ఫోరంలో అప్పటికే ఎందరో రాసినవి చదివాను. నెట్‌వర్క్ వేగం గురించి, పెద్ద పెద్ద పోటీల గురించి రాస్తున్నారు. ఇద్దరికీ ఒకే కంప్యూటరు కావాలని ఒక్కరూ అడగలేదు. నేనొక్కణ్నే అడిగితే, ఇంకో కంప్యూటరుకు గతిలేనివాళ్లమని అనుకుంటారేమోనని సిగ్గేసింది. ముఖమూ పేరూ తెలియనివాళ్ల ముందు పడిన సిగ్గు అది. అయినా పడ్డాను.

సిగ్గు ఒక్కటే కారణమని చెబితే అది కూడా సగం అబద్ధమే. నాకు ఆదివారాలు బరువనిపించడం మొదలైంది. ఎండలో బస్సు, మార్కెట్ రద్దీ, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. ఆఫీసులో కొత్తగా కలిసినవాళ్లు ఆదివారం సినిమాకు రమ్మంటుంటే, బావమరిదిని కదా అని అక్కడికి పోవాల్సివస్తోందని లోలోపల విసుక్కునేవాణ్ని. ఆట నెట్‌వర్క్ మీదికి పోతే, రానని నేను చెప్పాల్సిన పని ఉండదు. ఆ దూరదేశపు కంపెనీ నా తరఫున చెప్పేస్తుంది. ఈ ఆలోచన ఇంత స్పష్టంగా ఆ రోజు నా బుర్రలో లేదు. కానీ నా వేళ్లకు తెలుసు.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి బావ నాకంటే ముందే కంప్యూటరు తెరిచి పెట్టాడు.

"జవాబు వచ్చిండాదా?"

ఇంకా రాలేదన్నాను. అది నిజమే. ఆ నిజం కూడా తెర వైపు చూస్తూనే చెప్పాను. ఆ వారమంతా ఆఫీసులో తిండి వేళ ఫోరం తెరిచి చూశాను. ప్రశ్నల చర్చ తెరిచే ఉంది. ఇప్పుడు రాస్తే చాలు, బావకు ఏమీ తెలియదు, నేను చెప్పింది నిజమైపోతుంది అనుకునేవాణ్ని. రాయడం మొదలుపెట్టేవాణ్ని కూడా. పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే మూసేసేవాణ్ని. సాయంత్రం రాద్దామనుకునేవాణ్ని. సాయంత్రమైతే రేపు.

అవతల బావ ఎదురుచూపు పెరుగుతోంది. ఫోన్ చేసి పెట్టెల సంగతీ వాన సంగతీ మాట్లాడి, చివర్లో అదే అడిగేవాడు. వాళ్లకు మన ఇంగ్లీషు అర్థమైందో లేదో అనేవాడు. ఆ దేశంలో పండగేమో, సెలవులేమో అనేవాడు. ఒకసారి అక్క ఫోన్ లాక్కొని, నిద్దట్లో కూడా ఓడలే అంటాండాడు, ఆ జవాబేదో తొందరగా తెప్పించరా అని చెప్పింది. మర్నాడు తప్పకుండా రాయాలని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు చూస్తే ఆ చర్చ పక్కన తాళంబొమ్మ ఉంది. మూసేశారు.

ఆ తాళంబొమ్మను చూసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదట పేజీని మళ్లీ తెరిచి చూశాను, తాళం అలాగే ఉంది. ఆ వెంటనే, సిగ్గుచేటే గానీ, కాస్త తేలికపడ్డాను. ఇక చేయగలిగింది ఏమీ లేదు కదా అనిపించింది. ఆ తేలిక సాయంత్రందాకా కూడా నిలవలేదు.

జవాబులు వచ్చాయి. ఆ ఆదివారం బస్సులో వాటిని మనసులో వరుసగా పేర్చుకున్నాను. మంచివి ముందు చెప్పి, చెడ్డది చివర్లో మెల్లగా చెప్పాలని. బావ కటింగ్ మిషను మీద గుడ్డ కప్పి, స్టూళ్లు వేసి, నా కోసం చూస్తున్నాడు. నేను మొదలుపెట్టాను. కాపలా ఓడలు తోడు పోతాయి. పాత యుద్ధం కొనసాగించడం కుదరదు. ఓడలకు పేర్లు పెట్టుకోవచ్చు, కానీ ఇంగ్లీషులోనే. పాత కంప్యూటరు మోస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేరట. మునిగిన ఓడ మనుషుల గురించి అడిగింది వాళ్లకు నచ్చిందట, రక్షించే ఓడలు పెడుతున్నారట.

బావ ముఖం వెలిగిపోయింది. ఆయన ప్రశ్న ఒకటి సముద్రం దాటిపోయి ఓడై తిరిగొచ్చింది. "చూసినావా, అడిగితే ఇస్తారు" అని అక్కను పిలిచి మరీ చెప్పాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మరి అది?"

"తీసేస్తాండారు బావా."

"ఎందుకంట?"

"ఎవరూ అడగలేదంట."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. కంపెనీవాళ్లు రాసిన మాట అదే. చదివి చదివి నాలుక మీదికి ఎక్కిపోయింది. బావ కాసేపు అర్థంకానట్టు చూశాడు.

"మనం అడిగినాం కదప్పా. మన ప్రశ్న వాళ్లకు చేరలేదేమో. కంప్యూటర్‌లో కూడా తప్పిపోతాదేమో. ఇంగోసారి పంపు."

నేను రాయలేదేమోనన్న అనుమానం ఆయనకు ఏ మూలా లేదు. తప్పు తంతిదో, యంత్రానిదో, దూరదేశానిదో అనుకున్నాడు. తలూపి, పంపుతానని ఉంటే ఆ రోజు గడిచిపోయేది.

"తప్పిపోలేదు బావా. నేను రాయలేదు."

నేనే చెప్పుకుపోయాను. ముందు సిగ్గు సంగతి చెప్పాను. తర్వాత, ఆగలేక, బస్సు సంగతీ ఆదివారాల సంగతీ కూడా చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో ఇప్పటికీ తెలియదు. గోడ అవతల ఆయన తమ్ముడి మిషను ఆడుతోంది. ఆదివారం కూడా ఏదో అర్జంటు పని ఉన్నట్టుంది. బావ ఆ చప్పుడు వింటున్నట్టు తల కొంచెం వంచి కూర్చున్నాడు.

"రావాలని లేకుంటే రావద్దు. అది నాతో చెప్పాల. వాళ్లతో చెప్పించేది కాదు" అన్నాడు చివరికి.

లేచి పోతాడనుకున్నాను. పోలేదు. మౌస్ తీసుకొని తన ఓడలకు ఆజ్ఞలిచ్చాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. "ఆయె, తిరుగు" అన్న మాట రాలేదు. బల్ల మీద వేలితో తట్టిన చప్పుడు వచ్చింది. తిరిగాను. నా వంతు. ఆయన లేచి స్టూలు తిప్పుకోవాలి. తిప్పుకోలేదు. తెర వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు.

నేను అడగలేదు. ఆయన చూస్తుండగానే నా ఓడలన్నిటికీ ఆజ్ఞలిచ్చాను. ఏ రేవు మీదికి పోతున్నానో, ఎక్కడ బలహీనంగా ఉన్నానో అన్నీ ఆయన కళ్లముందే. అలా ఆ ఆదివారం, ఆ పై ఆదివారాలు కూడా ఆడాం. గెలుపు కోసం ఆయన చూడటం లేదని నాకు తెలుసు. చూసింది వాడుకొని నా ఓడ ఒక్కదాన్ని కూడా ముంచలేదు. నన్ను నమ్మి వీపు తిప్పుకొని కూర్చోవడం ఆయనకు ఇష్టంలేదు, అంతే.

దిద్దుకోవడానికి చేయగలిగింది ఏమిటని వారం వారం ఆలోచించాను. మొదట నేనే ఫోరంలో విడిగా రాద్దామనుకున్నాను. కానీ మళ్లీ నేను ఒంటరిగా రాసి, రాశానని వచ్చి చెబితే, ఆయన ఏమని నమ్మాలి? అందుకని ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి, పక్క సందులో ఉన్న బ్రౌజింగ్ సెంటర్‌కు రమ్మన్నాను. నాకెందుకప్పా అన్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి, పోయి మీ ఓడలేవో తేల్చుకోని రాపోండి, ఈ మూతి ముడుచుకొనేది చూసి నాకు బేజారైతాంది అని ఇద్దరికీ కలిపి అక్షింతలు వేసింది.

చిన్న గది, పలచటి చెక్కల మధ్య కంప్యూటర్లు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడి వంగి టైపు చేశాను. ఆయన తెలుగులో చెప్పాడు. నేను ఇంగ్లీషులో రాసి, రాసిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ తెలుగులో వినిపించాను. చెప్పడం మొదలుపెట్టాక ఆయన ఆగలేదు. మేము ఇద్దరం. బావా బావమరిదీ. మాకు ఒకటే కంప్యూటర్. ఒకడు ఆడేటప్పుడు ఇంకొకడు గోడ చూస్తాడు. ఆట కంటే మాకు అదే ముఖ్యం. రెండో భాగం ఎంత పెద్దదైనా పక్కన మనిషి లేకుంటే మాకొద్దు.

నేను ముగించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోయినసారే అడగమన్నా, మా బామ్మర్ది సిగ్గుపడి రాయలేదు అని కూడా రాయి."

"అది కూడానా బావా?"

"రాయప్పా. ఎవురూ అడగలేదన్నారు కదా. అడిగినోడు ఒకడుండాడని తెలియాల వాళ్లకు."

రాశాను. సిగ్గుపడ్డాననే కాదు, రాశానని అబద్ధం చెప్పానని కూడా చేర్చి, ఆ వాక్యాన్నీ చదివి వినిపించాను. ఆయన నావైపు ఒకసారి చూసి, మౌస్ తన చేతిలోకి తీసుకొని, పంపే బటన్ ఏదో అడిగి, తానే నొక్కాడు.

స్పందనలు వచ్చాయి. ఇంకో కంప్యూటరు కొనుక్కోండి అని కొందరు వెటకారం చేశారు. ఒకరు తానూ తన భార్యా కూడా అలాగే ఆడతామని, మధ్యలో దుప్పటి అడ్డం కట్టుకుంటామని రాశారు. చాలా రోజులకు కంపెనీవాళ్లు రెండు ముక్కలు రాశారు: మాటివ్వలేం, మళ్లీ ఆలోచిస్తాం. వీటిలో ఏదీ దాచకుండా, వెటకారాలతో సహా, బావకు చెప్పాను. దుప్పటి సంగతి విని చాలాసేపు నవ్వాడు. ఆలోచిస్తారంటే ఉంచుతారనా, తీసేస్తారనా అని అడిగాడు. తెలియదు బావా అన్నాను. రెండో భాగం విడుదల వాయిదా పడుతూ పోయింది. ఉంటుందో ఉండదో తెలియకుండానే మేము పాతదాన్ని ఆడుకుంటూ ఉన్నాం.

ఆఫీసులో సినిమాకు పిలిచినవాళ్లకు, ఆదివారాలు మా బావ ఇంటికి వెళతానని, అక్కడ ఓడల ఆట ఆడతామని చెప్పాను. వాళ్లు నవ్వారు. మార్కెట్ బస్సు అలాగే కిక్కిరిసి ఉండేది. ఎక్కేవాణ్ని. రాలేని వారం ఉంటే ముందే ఫోన్ చేసి, రాలేనని ఆయనతోనే చెప్పేవాణ్ని.

నా వంతులో ఆయన గోడవైపు తిరుగుతున్నాడా లేదా అని నేను చూడటం మానేశాను. నా ఓడలకు ఆజ్ఞలిచ్చేసి, "ఆయె" అని, ఆయన వంతు రాగానే నా స్టూలు తిప్పుకొని గోడకు ఎదురుగా కూర్చునేవాణ్ని. సున్నం పెచ్చులూడిన చోటు, దానికి ఆనించిన అట్టల దొంతి, అవతలి మిషను చప్పుడు. వెనకాల బావ ఒక్కోసారి చాలాసేపు తీసుకునేవాడు. మౌస్ చప్పుడు ఆగిపోయి, ఆయన తెర చూస్తున్నాడో నన్ను చూస్తున్నాడో తెలిసేది కాదు. ఆయన తిరగమనేదాకా తిరక్కుండా కూర్చునేవాణ్ని.